మూడు పిల్లులు... ఒక్క ట్రేనా?

మొదటి పిల్లిని మనం పెంచుకుంటాం. రెండోది దానంతట అదే వస్తుంది. మూడోది ఎప్పుడొచ్చిందో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. నెల్లూరు తీరంలో ఈ లెక్క ఇంకాస్త తొందరగా పెరుగుతుంది. మైపాడు నుంచి ఇసకపల్లి, జువ్వలదిన్నె దాకా ఎక్కడ చేపలు దిగితే అక్కడ పిల్లులే. వానాకాలం రాత్రి గుమ్మం ముందు తడుస్తూ అరిచే పిల్లిపిల్లను చూసి తలుపేసుకోవడం ఎవరివల్ల అవుతుంది చెప్పండి!

ఒకటున్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. మూడయ్యాక ఓ రోజు పొద్దున్నే పరుపు మీద తడి, బీరువా పక్కన ఘాటు వాసన. ఇక ఇంట్లో పంచాయితీ మొదలు. "అవైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అని అమ్మ. "హార్బర్ దగ్గర వదిలేసి రా, చేపలు తిని బతుకుతాయిలే" అని నాన్న.

ఆగండి. హార్బర్ అంటే పిల్లులకు పెళ్లిభోజనం అనుకుంటాం కానీ, తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు చేపల వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి. అక్కడే పుట్టి పెరిగిన పిల్లులకే ఆ రెండు నెలలు తిండి కష్టం. సోఫాలో పడుకుని పెరిగిన పిల్లికి కుక్కల్ని తప్పించుకోవడం కూడా రాదు. పైగా ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. అసలు తప్పు పిల్లిది కానప్పుడు శిక్ష దానికెందుకు?

పగ కాదు, కబురు

"నిన్న తిట్టానని కోపంతో పరుపు మీద పోసింది" అంటుంటారు చాలామంది. పిల్లికి అంత పగ ఉండదు. దాని పూర్వీకులు పొడి నేలల్లో తిరిగిన అడవి పిల్లులు. వదులుగా ఉన్న మట్టిని తవ్వి, పని కానిచ్చి, కప్పెట్టేయడం వాటి నుంచి వచ్చిన అలవాటు. అందుకే పిల్లికి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వక్కర్లేదు. ఇసుకో మట్టో చూపిస్తే చాలు. 1947లో అమెరికాలోని మిషిగన్‌లో ఎడ్వర్డ్ లోవ్ అనే ఆయన నీటిని పీల్చుకునే బంకమట్టి గుళికల్ని సంచుల్లో కట్టి అమ్మడం మొదలుపెట్టాడు. మనం ఇవాళ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే లిట్టర్ కథ అక్కడ మొదలైంది.

పుట్టుకతోనే ఇంత శుభ్రత ఉన్న పిల్లి ట్రే వదిలేసి పరుపెక్కిందంటే ఏదో కారణం ఉండాలి. ట్రే మురికిగా ఉందా? ఇంకో పిల్లి అడ్డుపడుతోందా? ఒంట్లో బాగాలేదా? ఈ మూడూ చూసుకోండి. జవాబు చాలాసార్లు వీటిలోనే దొరుకుతుంది.

పిల్లులు ఎన్నో, అన్నీ ప్లస్ ఒకటి

పశువైద్యులు చెప్పే లెక్క ఇదే. రెండు పిల్లులుంటే మూడు ట్రేలు, మూడుంటే నాలుగు. "అమ్మో, మాది సింగిల్ బెడ్రూం ఇల్లు" అనుకుంటున్నారా? కనీసం రెండు ట్రేలు వేర్వేరు చోట్ల పెట్టి, రోజుకు రెండు మూడుసార్లు తీస్తే చాలావరకు నెట్టుకురావచ్చు.

ఎన్ని పెట్టామన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ పెట్టామన్నదీ అంతే ముఖ్యం. నాలుగు ట్రేలూ బాల్కనీలో వరసగా పెడితే మనకు అవి నాలుగు. పిల్లి లెక్కలో ఒక్కటే. ఎందుకంటే ఆ దారిలో పెత్తనం చేసే పిల్లి ఒకటి కాళ్లు చాపుకుని పడుకుంటుంది. అరవదు, కొట్టదు, ఊరికే చూస్తుంది. భయస్తురాలు ఆ చూపుకే వెనక్కి తిరిగి పరుపు కిందకో, బట్టల గంప దగ్గరకో పోతుంది. మనం మాత్రం "రెండూ బాగానే కలిసుంటున్నాయే!" అనుకుంటాం. అందుకే ట్రేలు వేర్వేరు గదుల్లో, పిల్లి రెండువైపుల నుంచీ తప్పించుకోగలిగే చోట ఉండాలి. మూత ఉన్న ట్రేలు చూడ్డానికి బాగుంటాయి కానీ, లోపలికి వెళ్లిన పిల్లి అందులో ఇరుక్కుపోతుంది. వాసన కూడా లోపలే నిలుస్తుంది. తిండి గిన్నె పక్కన, వాషింగ్ మెషీన్ పక్కన ట్రే వద్దే వద్దు.

సైజు సంగతి. పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఎంతుంటుందో దానికి ఒకటిన్నర రెట్ల పొడవు కావాలి. షాపుల్లో దొరికే చాలా ట్రేలు దీనికి చిన్నవే. బట్టలు నానబెట్టే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు కొని, ఒకవైపు అంచు కిందికి కోసి, ఆ కోసిన చోటు గీసుకోకుండా నున్నగా చేస్తే సరిపోతుంది. చేపల క్రేట్లు చవగ్గా దొరుకుతాయి కదా అనుకోకండి. చాలావాటికి కన్నాలుంటాయి, చేప వాసనా పోదు.

ఎదురుగా సముద్రం ఉంది... ఇసుక కొనడమెందుకు?

ఈ ప్రశ్న తీరంలో ఉన్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. ఇసుకను పిల్లి ఇష్టంగానే వాడుతుంది, అందులో అనుమానం లేదు. చిక్కు మనకే. ఇసుక తడిని పట్టి ఉంచదు. మూత్రం కిందికి జారి అడుగున నిలుస్తుంది, రెండో రోజుకే గుప్పుమంటుంది. బీచ్‌లో తిరిగే కుక్కలు, పిల్లులు అక్కడే మలవిసర్జన చేస్తాయి కాబట్టి కొంకిపురుగుల పిల్లలు ఆ ఇసుకతోపాటు ఇంట్లోకి రావచ్చు. తీరంలో ఇసుక తవ్వకాలపై సీఆర్‌జెడ్ నిబంధనలు ఉన్నాయని కూడా మర్చిపోవద్దు.

గడ్డకట్టే బెంటోనైట్ లిట్టర్‌లో సుఖం ఏమిటంటే, తడి తగిలిన చోట ముద్దవుతుంది. ఆ ముద్దను తీసేస్తే మిగిలింది పొడిగా ఉంటుంది. రెండు మూడు అంగుళాల మందాన పోసి, తీసినంత మళ్లీ కలుపుతూ, రెండు మూడు వారాలకోసారి మొత్తం మార్చి ట్రే కడిగితే చాలు. సువాసన కలిపినవి వద్దు. మనకు మల్లెపూల వాసన, వేల రెట్లు కాకపోయినా మనకంటే ఎన్నో రెట్లు పసిగట్టే పిల్లి ముక్కుకు అది చిత్రహింస.

మూడు పిల్లులకు బెంటోనైట్ కొనడం జేబుకు భారమే. రంపపు పొట్టు, చింపిన పాత పేపర్లు వాడేవాళ్లూ ఉన్నారు. అవి గడ్డకట్టవు కాబట్టి మలం రోజూ తీస్తూనే, వారానికి కనీసం రెండుసార్లు మొత్తం మార్చాలి. కొత్తదానికి మారేటప్పుడు ఒక్క ట్రేలోనే మొదలుపెట్టండి. పిల్లులు ఓటేస్తాయి, మీరు లెక్క చూసుకోండి.

అక్టోబర్ వచ్చిందంటే...

రాష్ట్రంలో చాలాచోట్ల వానలు తగ్గే వేళకు మనకు మొదలవుతాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. బెంటోనైట్ గాలిలో తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి సంచి మూతి కట్టకుండా వదిలేస్తే పని తగ్గిపోతుంది. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోసుకోండి. బాల్కనీ ట్రేలోకి జల్లు కొడితే ఇక అది లిట్టర్ కాదు, బురద. కాలు తడవడం ఇష్టంలేని పిల్లి ఆ క్షణమే మీ పరుపు వైపు చూస్తుంది.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేదాకా కుండపోత కురిసినప్పుడు మనుషులకే బయటికెళ్లడం గగనమైంది. పగలు బయట తిరిగి పని కానిచ్చుకొచ్చే పిల్లులు కూడా అలాంటి రోజుల్లో ఇంట్లోనే. అప్పటిదాకా సరిపోయిన ఒక్క ట్రే ఒక్కపూటలో నిండిపోతుంది. తుపాను హెచ్చరిక రాగానే కొవ్వొత్తులు, పాల ప్యాకెట్లతోపాటు పది రోజుల లిట్టర్, ఒక ఖాళీ టబ్బు కూడా సిద్ధం చేసుకోండి.

ఫినాయిల్ సీసా పక్కన పెట్టండి

వాసన రాగానే మనవాళ్ల చెయ్యి ఫినాయిల్ మీదకే పోతుంది. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే ఎంజైమ్ పిల్లి కాలేయంలో చాలా తక్కువ. తడి నేల మీద నడిచి, తర్వాత పాదాలు నాక్కుంటే అది విషమే. బ్లీచింగ్ కూడా మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే మనకే ఊపిరాడనివ్వని వాయువు పుడుతుంది. ట్రేను వేడినీళ్లు, మామూలు సబ్బుతో రుద్ది ఎండలో పెట్టండి. నెల్లూరు ఎండకు కొదవేముంది! పరుపుకు పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడాలి. మన ముక్కుకు పోయిన వాసన పిల్లి ముక్కుకు మిగిలుంటే, మళ్లీ అక్కడికే వస్తుంది.

ముద్దల లెక్కలో ప్రాణం ఉంది

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. అది మూసుకుపోతే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది. పిల్లి మాటిమాటికీ ట్రేలోకి వెళ్లి ముక్కుతుంది, అరుస్తుంది, కింద నాక్కుంటుంది. వచ్చేది చుక్కో, అదీ లేదో. "మలబద్ధకం అయ్యుంటుంది, రేపు చూద్దాం" అనుకుంటే రేపు ఉండకపోవచ్చు. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ముక్క మాత్రం వేయకండి. పిల్లికి అది విషం. రాత్రయినా సరే, డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఊళ్లో వీలుకాకపోతే తిరుపతిలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

ఒకే పిల్లి ఉన్న ఇంట్లో ట్రే ఖాళీగా కనిపిస్తే వెంటనే అనుమానం వస్తుంది. మూడున్న ఇంట్లో మిగతా రెండూ పోస్తూనే ఉంటాయి కాబట్టి మూడోదాని కష్టం బయటపడదు. రోజూ ముద్దలు తీసేటప్పుడు ఎన్ని వచ్చాయో ఒక్కసారి చూసుకోండి. ఉన్నట్టుండి తగ్గినా, పెద్దవి పోయి గోళీల్లాంటి చిన్నవి వచ్చినా గమనించాల్సిందే. పిల్లి బాగానే తిరుగుతూ, పోస్తోందో లేదో తేలకపోతే దాన్ని ట్రే, నీళ్లతో విడిగా ఓ గదిలో కొన్ని గంటలు ఉంచితే నిజం తెలుస్తుంది. ముక్కుతూ అరుస్తుంటే ఈ పరీక్షలు పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికే. ఎండాకాలంలో నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి. ఉప్పు ఎండుచేపలు తగ్గించి, అన్నంలో, ఫుడ్‌లో కాస్త నీళ్లు కలపండి.

కడుపుతో ఉన్నవాళ్లుంటే?

టాక్సోప్లాస్మా భయంతో పిల్లిని ఇంటి నుంచి పంపేయక్కర్లేదు. పిల్లి మలంలో ఆ పరాన్నజీవి ఉన్నా, అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. అంటే రోజూ ట్రే తీసేస్తే ముప్పు బాగా తగ్గుతుంది. ఆ పని గర్భిణికి కాకుండా ఇంట్లో ఇంకొకరికి అప్పగించాలి. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల నుంచి కూడా అది వస్తుందని గుర్తుంచుకోండి.

తీసిన లిట్టర్‌ను కాలవలో వేయొద్దు, టాయిలెట్లో అసలే వద్దు. బెంటోనైట్ పైపులో ఉబ్బి కూర్చుంటుంది. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన సముద్రపు నీటికుక్కల చావులకు పిల్లుల నుంచి నీటిలోకి చేరిన టాక్సోప్లాస్మా ఒక కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. లిట్టర్ ప్యాకెట్ల మీద టాయిలెట్లో వేయొద్దని రాయాలంటూ అక్కడ చట్టం కూడా ఉంది. మన తీరం వెంట బకింగ్‌హామ్ కాలువ, ఆ పక్కనే సముద్రం. కాలవలో వేసింది ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా? కవర్లో మూతిగట్టి చెత్తబండికే ఇవ్వండి.

అయినా ఆగకపోతే

తోక నిటారుగా ఎత్తి గోడకు చిమ్ముతోందంటే అది ట్రే గొడవ కాదు, "ఇది నా ఏరియా" అనే గుర్తు. ఆపరేషన్ చేయిస్తే పదింట తొమ్మిది మగపిల్లుల్లో ఈ అలవాటు తగ్గుతుంది. అయిదారు నెలల వయసులోనే చేయిస్తే అసలు మొదలే కాకపోవచ్చు. ఇంట్లో నాలుగో పిల్లి, అయిదో పిల్లి పుట్టుకురాకుండా ఆపేదీ అదే.

ఇదంతా చూసి బెదిరిపోకండి. పొద్దున అయిదు నిమిషాలు, రాత్రి అయిదు నిమిషాలు. ఈ ఆదివారం ఒక ట్రే అదనంగా తెచ్చి వేరే గదిలో పెట్టండి. రెండు వారాలు రోజూ తీసి చూడండి. ఏ పిల్లి ఏ ట్రేకి వెళ్తోంది, ఎవరు ఎవర్ని ఆపుతున్నారు, ఎవరు ఎక్కువసేపు కూర్చుంటున్నారు... అన్నీ మీకే తెలిసిపోతాయి. ఆ తర్వాత డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సి వచ్చినా, చేతిలో సంచితోపాటు చెప్పడానికి సమాచారం కూడా ఉంటుంది.