కరువు సీమలో కరెంటు పంట

‘స్పేస్ స్టేషన్ 13’ అనే కంప్యూటర్ ఆటలో ఇంజనీరు పాత్ర దక్కినవారి తొలి బాధ్యత కరెంటు. స్టేషన్ బయట సోలార్ పలకలను కేబుళ్లతో కలపాలి, ట్రాకర్‌తో సూర్యుడి వైపు తిప్పాలి, వచ్చిన విద్యుత్తును నిల్వ యంత్రాల్లోకి మళ్లించాలి. రాబడిని మించి వాడితే నిల్వ కరిగి స్టేషనంతా చీకటే.

అనంతపురం పీఠభూమిలో ఇదే పని నేలమీద జరుగుతోంది.

ఏటా 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన ఈ సీమలో ఎండకు మాత్రం కొదవలేదు. అందుకే ఎన్‌పీ కుంట మండలంలో 1,500 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టారు. 2016లో అక్కడ ఎన్టీపీసీ తొలి యూనిట్లు ఉత్పత్తి మొదలుపెట్టాయి. 2022 జిల్లాల విభజనలో ఆ మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. పలకలిచ్చే డీసీ కరెంటును ఇన్వర్టర్లు ఏసీగా మారుస్తాయి; ట్రాన్స్‌ఫార్మర్లు వోల్టేజీ పెంచి గ్రిడ్‌కు పంపుతాయి. పలకలపై దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి తగ్గుతుంది. కడగాలంటే నీళ్లు కావాలి. ఇక్కడ కరువైనవే అవి. నిర్వహణలో అసలైన కష్టం ఇదే.

మరి చీకటి పడితే? సుమారు 90 నిమిషాలకోసారి భూమిని చుట్టే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం, నీడలో ఉన్నంతసేపూ బ్యాటరీలతో నడుస్తుంది. ఎన్‌పీ కుంట పలకలు పొద్దుగూకితే ఆగిపోతాయి. రాత్రి అవసరాలను గ్రిడ్‌లోని ఇతర కేంద్రాలు తీర్చాల్సిందే.