కూతురి వాటా ఏ సంతకం దగ్గర పోతుంది?

తాతల నాటి 9 ఎకరాలున్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తల్లి ముందే కాలం చేసింది. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. కూతురికి ఎంత వస్తుంది?

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అయితే ఒక్క ఎకరం. పిత్రార్జితంలో మగపిల్లలే కోపార్సినర్లు (పుట్టుకతోనే వాటాదారులు). తండ్రి పోయే ముందు పంపకం జరిగినట్టు అనుకుని, తండ్రికీ కొడుకులిద్దరికీ మూడేసి ఎకరాలు కట్టేవారు. ఆ తండ్రి 3 ఎకరాల్లోనే కూతురికి చోటు. వాటిని ముగ్గురు పిల్లలూ పంచుకుంటే కొడుకులకు నాలుగేసి ఎకరాలు, కూతురికి ఒకటి.

ఇంటి విషయం ఇంకా కష్టం. అదే చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, కొడుకులు పంచుకుందామనుకునేదాకా కూతురు ఇంటి పంపకం అడగడానికి లేదు. అందులో ఉండే హక్కయినా పెళ్లికాని కూతురికి, భర్త వదిలేసిన లేదా భర్త నుంచి విడిపోయిన కూతురికి, భర్త పోయిన కూతురికే. అంటే దెబ్బలు తింటూ అత్తింట్లోనే ఉన్న ఆడపిల్లకు, బయటికి రావాలనుకున్న రోజున పుట్టిల్లు హక్కుగా లేదు. ఆడపిల్ల భద్రత గురించి మాట్లాడేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఈ సెక్షనే.

కూతురిని కోపార్సినర్‌గా చేర్చిన మొదటి రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. ఒకే ఇంట్లో అక్కకు లేని హక్కు చెల్లెలికి దక్కింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ ఆ షరతును తీసేసింది, 23వ సెక్షన్‌నూ రద్దు చేసింది. ఇప్పుడు అదే 9 ఎకరాలకు నలుగురు వాటాదారులు. తలా 2.25 ఎకరాలు. తండ్రి వాటా మళ్లీ ముగ్గురికీ పంచితే ఒక్కొక్కరికి సరిగ్గా 3 ఎకరాలు.

2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహం చాలాకాలం నలిగింది. అక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలను, కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలను మాత్రం తిరగదోడలేం. ‘ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం’ అంటే చాలదు. ప్రభుత్వ పత్రాల్లో గట్టి ఆధారం ఉన్న అరుదైన సందర్భాల్లోనే కోర్టు ఆ మాట ఒప్పుకుంటుంది. తండ్రి స్వార్జితం సంగతి వేరు. దాన్ని ఆయన వీలునామాతో ఎవరికైనా ఇవ్వొచ్చు. షెడ్యూల్డ్ తెగలకు ఈ చట్టం వర్తించదు. ముస్లింలకు, క్రైస్తవులకు వేరే వారసత్వ నియమాలున్నాయి.

ఆస్తికీ భద్రతకూ సంబంధం ఏమిటి? ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ అనే పరిశోధకులు కేరళలోని తిరువనంతపురం జిల్లాలో వివాహిత స్త్రీలను ఇదే సంగతి అడిగి తెలుసుకున్నారు. వారి పరిశోధన 2005లో వెలువడింది. భూమి గానీ ఇల్లు గానీ తమ పేరున లేని స్త్రీలలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నామని చెప్పారు. రెండూ ఉన్నవారిలో ఆ మాట చెప్పింది 7 శాతమే. తనకంటూ ఒక చోటు ఉన్న మనిషి ఎప్పుడైనా లేచి వెళ్లిపోగలదు. ఆ సంగతి కొట్టే చేతికీ తెలుసు. ఆమె వెళ్లకపోయినా ఆ ఎరుక పనిచేస్తుంది.

మరి ఇంత ఉపయోగమున్న వాటాను మన ఇళ్లలో ఎందుకు వదులుకుంటున్నారు? ‘కట్నం ఇచ్చాం కదా’, ‘పసుపు కుంకుమ కింద అప్పుడే ఇచ్చేశాం’ అన్న మాటలు ఎప్పుడూ వినిపిస్తాయి. కట్నం ఇవ్వడం 1961 నుంచీ నేరం. ఇచ్చినంత మాత్రాన పిత్రార్జితంలో వాటా పోదు. పైగా కట్నం సాధారణంగా అత్తింటివారి చేతిలో పడుతుంది. వాటా ఆమె పేరున నిలుస్తుంది.

అసలు కారణం ఇంకా లోతుగా ఉంది. అత్తింట్లో ఏదైనా జరిగితే వెళ్లడానికి అన్నదమ్ముల ఇల్లే దిక్కని ఆడపిల్లకు తెలుసు. వాటా అడిగితే రాకపోకలు తెగిపోతాయని భయం. ఆ తలుపు మూసుకోకూడదనే ఆమె వాటా వదిలేస్తుంది. అలా వదిలేశాక పుట్టింట్లో ఆమె ఉండగలదా లేదా అన్నది అన్నయ్య దయ మీద, వదిన మనసు మీద ఆధారపడుతుంది. కష్టకాలంలో ఆదుకోవాల్సిన హక్కు, ఆ కష్టకాలం వస్తుందన్న భయంతోనే చేజారిపోతోంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

తండ్రి పోయాక పాసుపుస్తకంలో పేరు మార్చాలన్నా, పొలం అమ్మాలన్నా ఆడపడుచుల సంతకం అడుగుతారు. చాలాసార్లు ఆ కాగితం హక్కు విడుదల దస్తావేజు (తన వాటాను వదులుకుంటున్నట్టు రాసిచ్చే పత్రం) అయి ఉంటుంది. ‘ఊరికే ఒక సంతకం’ అంటారు గానీ, ఇష్టపూర్వకంగా రాసిచ్చి రిజిస్టరు చేయించిన దస్తావేజు సులువుగా రద్దు కాదు. మోసంతోనో బెదిరించో తీసుకుంటే కోర్టుకు వెళ్లొచ్చు. మోసమైతే, అది తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లలోగా దావా వేయాలి.

సంతకం పెట్టకుండా, వాటా అడగకుండా ఊరుకున్న స్త్రీ పరిస్థితి వేరు. ఆమె హక్కు ఊరుకున్నందుకే పోదు. తనను ఉమ్మడి ఆస్తి నుంచి తప్పించారని తెలిసినప్పుడు 12 ఏళ్ల గడువు మొదలవుతుంది. కాబట్టి ఆ కాగితం ముందుకొచ్చిన రోజున ‘చదివించుకుని చెప్తాను’ అని ఇంటికి తెచ్చుకోవచ్చు. దానివల్ల ఆమె వాటాకు నష్టమేమీ లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ చేయాల్సిన నంబరు 15100.