వంకర తలుపు, వారంటీ కాగితం

మన ఒడిశా తెలుగు కుటుంబాల్లో ఇల్లు కట్టుకునేవారు తలుపులు, టైల్సు, కుళాయిలు విశాఖపట్నం నుంచో విజయనగరం నుంచో తెచ్చుకోవడం మామూలే. వస్తువు తేలికగానే వచ్చేస్తుంది. అందులో లోపం బయటపడిన రోజున మాత్రం అమ్మినవారు సరిహద్దుకి అవతల, మనం ఇవతల. రాయగడలో మా చెల్లెలి ఇంటి వీధి తలుపు విషయంలో తెలిసివచ్చిన సంగతులు నలుగురికీ పనికొస్తాయని రాస్తున్నాను.

అది 2023 ఫిబ్రవరిలో బిగించిన ఫ్లష్ డోర్. పైన టేకు పొర, అయిదేళ్ల వారంటీ. జూలై వానలకి కింది మూల ద్వారబంధానికి ఆనకుండా బయటికి తన్నుకొచ్చింది. గడియ పడదు. మా బావగారిది రాత్రి డ్యూటీలుండే ఉద్యోగం. "అన్నయ్యా, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంటున్నాం" అంది ఫోన్లో. ఆ ఆదివారమే కోరాపుట్ నుంచి కొండ దిగాను.

నేను వెళ్లేసరికి వడ్రంగి చిత్రిక పట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. వద్దన్నాను. తలుపుని కోసినా, చిత్రిక పట్టినా వారంటీ చెల్లదని ఆ కాగితంలోనే చిన్న అక్షరాల్లో ఉంది. రాత్రిళ్లకి లోపల ఒక అడ్డగడియ మాత్రం ద్వారబంధానికి వేయించాం.

కర్ర తేమని పీల్చుకుంటే అడ్డంగా ఉబ్బుతుంది. నిలువునా పెరగడం అత్యల్పం. తలుపు బయటి ముఖం వానగాలికీ, లోపలి ముఖం పొడిగాలికీ ఉంటే రెండువైపులా సమానంగా సాగక రెక్క వంగుతుంది. అన్నిటికన్నా ప్రమాదం పైఅంచు, కింది అంచు. కంటికి కనబడవు కాబట్టి పాలిష్ వేసేవారు వాటిని వదిలేస్తారు. తేమ అక్కడినుంచే దూరుతుంది. అందుకే ఆరు ముఖాలకీ పాలిష్ ఉండాలని కంపెనీల షరతు.

బి.కాం.లో చదువుకున్న మర్కంటైల్ లా ఇన్నాళ్లకి ఇంటిపనికి అక్కరకొచ్చింది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో 'కండిషన్' వేరు, 'వారంటీ' వేరు. మొదటిది తప్పితే సరుకు తిప్పికొట్టవచ్చు. రెండోది తప్పితే నష్టపరిహారం మాత్రమే అడగగలం. ఇక కంపెనీ ఇచ్చే కార్డు అంటారా, అందులో ఏం రాసి ఉంటే అదే. మా కార్డులో వంకర 6 మిల్లీమీటర్లు దాటాలని ఉంది. అదీ ద్వారబంధంతో పోల్చి కాదు, రెక్కనే కొలవాలి. రెక్క మూల నుంచి మూలకి దారం బిగించి స్కేలు పెడితే 11 వచ్చింది. ద్వారబంధం నిటారుగానే ఉందని తాపీమేస్త్రీ గుండు వేసి చూపించాడు. స్కేలు కనబడేలా ఫోటోలు తీసి, బిల్లు నకలు జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాం.

తేమ వల్ల వచ్చిన మార్పుకి తమకు బాధ్యత లేదని జవాబు. వానాకాలంలో వంగే తలుపుకి వేసవిలో పనికొచ్చే వారంటీ అన్నమాట! అదృష్టవశాత్తూ మా మేనకోడలు పాలిష్ రోజున తలుపుని బల్లలమీద పడుకోబెట్టి తీసిన ఫోటోలున్నాయి. కింది అంచు తళతళలాడుతూ కనిపిస్తోంది. అవి జతచేసి రెండో ఉత్తరం రాశాం. అందులో రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్ ప్రస్తావన చేర్చాను.

ఈ ముక్క సరిహద్దు కుటుంబాలకి ముఖ్యం. 1986 నాటి చట్టం కింద ఎదుటిపక్షం వ్యాపారం ఉన్నచోటో, వివాదం పుట్టినచోటో ఫిర్యాదు వేయాల్సి వచ్చేది. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు మాత్రం వివాద కారణం ఏర్పడిన నాటినుంచి రెండేళ్లు. కంపెనీ జవాబు కోసం ఎదురుచూస్తూ దాన్ని దాటనివ్వకూడదు. అంతకుముందు 1915 నంబరుకి ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

మాకు అంతదాకా పోవలసిన పని పడలేదు. అక్టోబరులో మనిషి వచ్చి కొలిచాడు. నవంబరులో కొత్త రెక్క వచ్చింది. రెక్క మాత్రమే సుమా! పాలిష్, వడ్రంగి కూలి, రవాణా మావే. కార్డులో అలాగే ఉంది. ఈసారి కింది అంచుకి రెండు పూతలు ఎక్కువ వేయించి, పైన రేకు చూరు ఒక అడుగు ముందుకు జరిపించాం. పాత రెక్కని కంపెనీవారు తీసుకుపోలేదు. పెరట్లో కట్టెల పాకకి అదే తలుపు.