కేథలిక్ వర్సిటీల్లో ‘లా’ అధ్యాపకుల ఎంపిక ఎలా?

కేథలిక్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర అధ్యాపకుల నియామకానికి పాండిత్యం ఒక్కటే కొలమానం కాదు. పోప్ రెండో జాన్ పాల్ 1990లో జారీ చేసిన ‘ఎక్స్ కోర్దె ఎక్లేసియే’ శాసనం ప్రకారం అక్కడ కేథలిక్కేతర అధ్యాపకుల సంఖ్య మెజారిటీ కారాదు. అన్య మతస్థులను తీసుకోవచ్చు. అయితే వారు సంస్థ మత స్వభావాన్ని గౌరవించాలి. ఆ సంగతిని నియామక సమయంలోనే తెలియజేయాలి. వేదాంత బోధకులకు అవసరమైన చర్చి అనుమతి న్యాయ బోధకులకు అక్కర్లేదు.

అమెరికాలో 1964 నాటి పౌర హక్కుల చట్టం మత విద్యాసంస్థలకు స్వమతస్థులను ఎంచుకునే మినహాయింపునిచ్చింది. జాతి, వర్ణ వివక్షకు మాత్రం ఆ వెసులుబాటు లేదు.

గర్భస్రావం, మరణశిక్ష వంటి అంశాలపై చర్చికి నిశ్చితాభిప్రాయం ఉంది. న్యాయ విద్యకు స్వేచ్ఛాయుత చర్చే ప్రాణం. అధ్యాపకుల విద్యా స్వేచ్ఛనూ పై శాసనం గుర్తించింది. ఈ రెంటి సమన్వయమే ఎంపిక సంఘాలకు అసలు పరీక్ష.