వేలికొసన వెలుతురు లెక్క

"వేలిలో చర్మం, ఎముక, గోరు అన్నీ ఉన్నాయి కదా సార్! ఆక్సీమీటరు రక్తాన్నే ఎలా పట్టుకుంటుంది?" నర్సింగ్ మొదటి సంవత్సరం క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో వేలి దగ్గరే కొలిచే ఆ పరికరం తెలివంతా ఈ ప్రశ్నకు జవాబులోనే ఉంది.

ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ ఎర్రటి కాంతిని తక్కువగా, పరారుణ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆక్సిజన్ లేనిది ఇందుకు తలకిందులు. ఇది ఎప్పుడో తెలుసు. చిక్కల్లా చర్మం, మాంసం మింగేసే వెలుతురుతోనే. దాన్ని తీసేయడానికి 1940లలో చెవితమ్మెను గట్టిగా నొక్కి, రక్తం లేకుండా చేసి ఓసారి కొలిచేవారు.

జపాన్‌లో నిహోన్ కోడెన్ కంపెనీ ఇంజినీరు టకువో అయోయాగి బయలుదేరింది వేరే పని మీద. రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి దగ్గర వెలుతురుతో గుండె పంపే రక్తాన్ని కొలవాలనుకున్నాడు. నాడి కొట్టినప్పుడల్లా గీత ఎగిరిపడేది. రెండు రకాల కాంతి వాడి ఆ ఎగుడుదిగుళ్లను చెరిపేశాడు. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే అవి మళ్లీ తేలాయి! నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. తాను వదిలించుకోవాలని చూసిన నాడిలోనే ఆక్సిజన్ లెక్క దాగుందని ఆయన గ్రహించాడు.

నాడితోపాటు ఉబ్బి తగ్గేది ధమని రక్తమే. ఎముక, చర్మం కదలవు. మారే వెలుతురును మారని వెలుతురుతో భాగిస్తే వేలి మందం లెక్కలోంచి జారిపోతుంది. ఎరుపుకు వచ్చిన విలువను పరారుణానికి వచ్చిన విలువతో మళ్లీ భాగించాలి. ఫలితం 1 దగ్గరుంటే ఆక్సిజన్ సుమారు 85 శాతం, 0.5 దగ్గరుంటే 97 పైచిలుకు. ఫలితాన్ని శాతంగా మార్చే ఈ పట్టికను ఆరోగ్యవంతులైన వాలంటీర్ల చేత ఆక్సిజన్ తగ్గించిన గాలి పీల్పించి, వాళ్ల రక్తం పరీక్షించి తయారుచేశారు.

1974 మార్చి చివర్లో నిహోన్ కోడెన్ పేటెంటుకు దరఖాస్తు చేసింది. నెల తిరక్కుండానే మినోల్టా కంపెనీ కూడా ఇదే ఆలోచనతో వచ్చింది! అమెరికాలో 1983 నాటికి నెల్‌కార్ కంపెనీ యంత్రం ఆక్సిజన్ తగ్గేకొద్దీ బీప్ శ్రుతిని దించింది. నర్సు తెరవైపు చూడకపోయినా ప్రమాదం చెవిన పడేది. తర్వాత ఆక్సిజన్ అంకెలు నర్సింగ్ స్టేషన్ కంప్యూటరుకు, కోవిడ్‌లో మన ఇళ్లకూ చేరాయి. అయోయాగి 2020 ఏప్రిల్‌లో కన్నుమూశాడు.

అదే ఏడాది చివర అమెరికా పరిశోధకులు ఒక లోపం బయటపెట్టారు. నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోయినా పరికరం బాగానే ఉందని చూపడం, తెల్లవారితో పోలిస్తే దాదాపు మూడింతలు ఎక్కువ. అందుకే తెర మీద 94 ఉన్నా రోగి ఆయాసపడుతుంటే డాక్టరును పిలవమనీ, ధమని రక్తం పరీక్షకు పంపే సంగతి అడగమనీ మా క్లాసు పిల్లలకు చెబుతున్నాను.