నిండుకడుపు పస్తు

నాలుగు వానలు సరిగా పడిన ఏడు, కార్తీకం దాటాక కూడా అనంతపురం పల్లెల గుట్టల మీద గడ్డి మోకాలెత్తున నిలబడే ఉంటుంది. అయినా ఆవుల డొక్కలు లోపలికి పీక్కుపోతాయి. మేత లేక చిక్కితే సరే, మేస్తూ చిక్కిపోవడమేమిటి?

ఈ కసువు (ఊడ్చిపోసే చెత్తనూ మా పక్క కసువనే అంటాం, ఎండాకాలానికి రెండింటికీ పెద్ద తేడా ఉండదు) వేడికి పుట్టిన జాతి. ఒక్క పదును వాన చాలు, రాళ్ల సందుల్లోంచి లేస్తుంది. లేతగా ఉన్నప్పుడు ఎండుబరువులో మాంసకృత్తులు నూటికి 8, 10 పాళ్ల దాకా ఉంటాయి. గింజ రాలేసరికి 3, 4కు దిగిపోతాయి, కాడ కట్టెబారుతుంది. పశువు పెద్దకడుపులో గడ్డిని అరిగించేవి సూక్ష్మజీవులు. మాంసకృత్తులు 7 పాళ్లకు తగ్గితే వాటికే తిండి చాలదు. మేసింది అరక్క నిలిచిపోతుంది, ఆవు ఇక మేయలేకపోతుంది. భాస్వరమూ చాలక కొన్ని ఆవులు దారిలో దొరికిన ఎముకలు నములుతాయి.

పూతకు ముందే కోసి ఆరబెట్టి వామి వేసుకోమని పశువైద్యులు చెబుతారు. మాట నిజమే. కానీ గుట్ట గడ్డి పూతకొచ్చే రోజులూ శెనక్కాయ పీకే రోజులూ ఇంచుమించు ఒకటే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట అప్పు తీర్చేది ఆ పంటే. కూలోళ్లు దానికే చాలరు, ఇక గుట్టెక్కి కొడవలి పట్టేదెవరు?

శెనక్కట్టె బాగా వచ్చిన ఏడు ఈ లోటు అంతగా కనబడదు, గడ్డికంటే అది బలమైన మేత. కరువు ఏడు కాయా లేదు, కట్టే లేదు. కాలువ కింది ఊళ్ల నుంచి వరిగడ్డి లారీల్లో దిగుతుంది. దాంట్లోనూ మాంసకృత్తులు 4 పాళ్ల లోపే. డబ్బు పోసి కొన్నది, గుట్ట మీద ఊరికే ఎండిన గడ్డికంటే ఏమంత మెరుగు కాదు. 4 కిలోల యూరియా నీళ్లలో కరిగించి 100 కిలోల గడ్డికి పట్టించి, 3 వారాలు గాలి తగలకుండా కప్పిపెడితే బలం పెరుగుతుంది. పాళ్లు తప్పితే పశువు చస్తుందని చాలామంది ఆ జోలికి పోరు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను.

మాఘం వెళ్లేసరికి గుట్టకు ఎవరో నిప్పు పెడతారు. ఎవరన్నది ఊరంతటికీ తెలుసు, ఎవరూ చెప్పరు. బూడిదలోంచి లేత చిగురు వస్తుందని ఆశ. చినుకు లేనిదే ఆ చిగురు నిలవదు. అది పడేలోగా సంతలో ఎద్దుల ధర పడిపోయి ఉంటుంది.