ఇల్లు మారింది సరే... మీటరు ఎవరి పేరున ఉంది?

కరెంటు కంపెనీని ఎంచుకునే వీలు లేదు - పేరు, బాకీ, రీడింగు చూసుకోవడం మన చేతిలోనే

రామతీర్థం: కొత్త ఇంట్లో కాలు పెట్టేవారు ముహూర్తం చూస్తారు. వాస్తు చూస్తారు. బావిలో నీళ్లు తీపో ఉప్పో అడుగుతారు. ఇరుగుపొరుగు ఎలాంటివారో వాకబు చేస్తారు. గోడ మీది కరెంటు మీటరును మాత్రం పట్టించుకునేవారు తక్కువ. బల్బు వెలిగితే చాలనుకుంటారు. ఆ మీటరు ఎవరి పేరున ఉంది, దాని మీద పాత బాకీ ఎంత ఉంది అన్న సంగతి నోటీసు వచ్చినప్పుడో, ప్రభుత్వ పథకం ఆగిపోయినప్పుడో గాని బయటపడదు. నెల్లిమర్ల మండలం రామతీర్థంలోనైనా, జిల్లాలోని మరే ఊళ్లోనైనా ఇల్లు కొన్నవారు, కట్టుకున్నవారు, అద్దెకు దిగినవారు మొదటి వారంలోనే చూసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

కరెంటుకు ఒక్కటే దుకాణం

ఇంగ్లండులో ఇల్లు మారినవారు ఏ కంపెనీ వద్ద కరెంటు కొనాలో తామే ఎంచుకుంటారు. అక్కడి ఇళ్లకు ఈ వీలు 1990 దశకం చివర్లో కలిగింది. అయితే 2021లో గ్యాసు ధరలు ఒక్కసారిగా పెరిగినప్పుడు పాతికకు పైగా కంపెనీలు మూతపడ్డాయి. వాటి ఖాతాదారులను వేరే కంపెనీలకు అప్పగించవలసి వచ్చింది. మన దేశంలో ముంబయి శివార్లలో టాటా, అదానీ కంపెనీలలో ఒకదానిని ఎంచుకునే సదుపాయం ఉంది.

మన ప్రాంతంలో ఆ ఎంపిక లేదు. ఉత్తరాంధ్రకు 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చింది. 1959లో రాష్ట్ర విద్యుత్తు బోర్డు ఏర్పడింది. 1999లో ఆ బోర్డును విడగొట్టారు. మరుసటి ఏడాది విశాఖపట్నం కేంద్రంగా తూర్పు ప్రాంత విద్యుత్తు పంపిణీ సంస్థ, అంటే అందరూ ఈపీడీసీఎల్ అని పిలిచే సంస్థ ఏర్పడింది. రామతీర్థం ఇళ్లకు కరెంటు ఇచ్చేది ఇదే. ఇదే జిల్లాలో చీపురుపల్లి ప్రాంతంలో గ్రామీణ విద్యుత్తు సహకార సంఘం దశాబ్దాల తరబడి కరెంటు పంపిణీ చేసింది. అయితే అక్కడ కూడా ఎవరి వద్ద కరెంటు తీసుకోవాలో ఇంటివారు తేల్చుకోలేదు. ఇల్లు ఏ ఊళ్లో ఉందో దాన్నిబట్టే తేలిపోయింది.

2003 విద్యుత్తు చట్టం పెద్ద వాడకందారులకు బయట కరెంటు కొనుక్కునే దారి చూపింది గాని మామూలు ఇళ్లకు కాదు. ఒకే చోట ఎక్కువ సంస్థలకు అవకాశమిచ్చే సవరణ బిల్లును 2022 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టి స్థాయీ సంఘానికి పంపారు. 2024లో ఆ సభతోపాటే బిల్లు కాలం కూడా తీరిపోయింది.

పాత బాకీ కొత్తవారి నెత్తినే

ఇల్లు అమ్మినవారు కరెంటు బకాయి తీర్చకుండా వెళితే ఆ బాకీ ఎవరిది? అమ్మినవారిదేనని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అమ్మేవారు బకాయిలన్నీ తీర్చాలని, తీర్చకపోతే ఆ ఇంటికి సరఫరా నిరాకరించవచ్చని మన రాష్ట్ర విద్యుత్తు సరఫరా షరతులు చెబుతున్నాయి. నిబంధనల్లో వీలుంటే పాత యజమాని బకాయిని కొత్త యజమాని నుంచి రాబట్టవచ్చని కేరళకు చెందిన ఒక కేసులో 2023 మే నెలలో సుప్రీంకోర్టు కూడా తీర్పు ఇచ్చింది.

అందుచేత రిజిస్ట్రేషనుకు ముందే సర్వీసు నంబరు అడిగి తీసుకోవాలి. ఆ నంబరు మీద బాకీ లేదని కరెంటు ఆఫీసులో తేల్చుకున్నాకే మిగతా సొమ్ము చెల్లించడం క్షేమం. తరువాత దస్తావేజు నకలు, గుర్తింపు కార్డు జతచేసి పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలి. తండ్రి పోయి పదేళ్లయినా ఆయన పేరునే బిల్లు కడుతున్న ఇళ్లు ప్రతి ఊళ్లో ఉంటాయి. వారూ ఈ పని పూర్తి చేసుకోవడం మంచిది. గ్రామ సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంటును అడిగితే ఏయే కాగితాలు కావాలో చెబుతారు.

కొత్తగా కట్టిన ఇంటికి మీటరు కావలసినవారు తెలుసుకోవలసినది మరొకటి ఉంది. 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం గ్రామాల్లో కాగితాలన్నీ సక్రమంగా ఇచ్చిన 15 రోజుల్లోగా కనెక్షను ఇవ్వాలి. అంతకుముందు ఈ గడువు 30 రోజులు. దరఖాస్తు రసీదు దాచుకుంటే గడువు దాటినప్పుడు అడిగే హక్కు ఉంటుంది.

అద్దెవారి వాడకం, యజమాని లెక్క

ఒకే మీటరు మీద రెండు కుటుంబాలు బతకడం పల్లెల్లో మామూలే. దీనివల్ల రెండు నష్టాలు. మొదటిది బిల్లు. 2022 ఏప్రిల్ నుంచి అమలైన ధరల ప్రకారం ఇంటి వాడకంలో మొదటి 30 యూనిట్లకు రూ. 1.90 చొప్పున, 75 వరకు రూ. 3, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6 చొప్పున లెక్క కడతారు. ఈ లెక్కన 200 యూనిట్లు ఒకే మీటరు మీద కాలితే రూ. 867 అవుతుంది. అదే 200 యూనిట్లు రెండు మీటర్ల మీద వంద చొప్పున కాలితే ఒక్కోదానికి రూ. 304.50, వెరసి రూ. 609 అవుతుంది. ఇతర చార్జీలు వేరు. పోర్షన్లు విడిగా ఉండి, ఎవరి వంట వారిదైతే వేరు మీటరుకు దరఖాస్తు చేసుకోవడమే లాభం.

రెండవ నష్టం ఇంతకన్నా పెద్దది. రాష్ట్రంలో పలు సంక్షేమ పథకాలకు నెలకు సగటున 300 యూనిట్ల కరెంటు వాడకం హద్దుగా పెట్టారు. 2025లో వచ్చిన తల్లికి వందనం పథకానికీ ఈ హద్దు ఉంది. ఈ లెక్క కట్టేది ఆధార్ నంబరుకు జోడించిన మీటర్లనుబట్టి. అద్దెకున్నవారు వాడినదీ, అమ్మేసిన ఇంట్లో కొత్తవారు వాడినదీ మీటరు పేరున్నవారి ఖాతాలోనే పడుతుంది. కనుక పేరు మార్పు కొన్నవారికే కాదు, అమ్మినవారికీ అవసరమే.

ఎంపిక ఉన్నది బండకే

వంట గ్యాసులో మాత్రం ఇండేన్, హెచ్‌పీ, భారత్ గ్యాస్ మూడింటిలో నచ్చినదాన్ని ఎంచుకోవచ్చు. ధరలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. చూడవలసినది గోదాము ఎంత దూరం, బండ వీధిలోకి వస్తుందా, అడిగిన ఎన్నాళ్లకు వస్తుంది అన్నవే. ఆ వీధిలో ఇప్పటికే వాడుతున్న ఇల్లాళ్లను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. దూరపు ఊరికి మారేవారు పాత ఏజెన్సీలో బండ, రెగ్యులేటరు అప్పగించి, డిపాజిట్టు లెక్కతో బదిలీ పత్రం తీసుకోవాలి. దానిని కొత్త ఏజెన్సీలో చూపితే కనెక్షను ఇస్తారు.

ఏడాదికి మూడు ఉచిత బండల దీపం-2 పథకం 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో మొదలైంది. దీనికి కనెక్షను, బియ్యం కార్డు, ఆధార్ ఒకదానితో ఒకటి కుదరాలి. ఇల్లు మారే హడావుడిలో ఈ ముడి తెగకుండా చూసుకోవాలి. గ్యాసు వాసన వస్తే పిలవవలసిన నంబరు 1906.

మిద్దె మీద సొంత కరెంటు

సొంత మిద్దె ఉన్నవారికి మరో దారి సౌర విద్యుత్తు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకు రూ. 30 వేలు, రెండు కిలోవాట్లకు రూ. 60 వేలు, మూడు, ఆపైన రూ. 78 వేలు కేంద్రం సబ్సిడీగా ఇస్తుంది. పలకలు బిగించి, మీటరు మార్చిన తరువాతే ఈ సొమ్ము ఖాతాలో పడుతుంది. వాడగా మిగిలిన కరెంటు సంస్థ లైనులోకి పోతుంది. దాని లెక్క బిల్లులో తగ్గుతుంది. ఇక్కడ కూడా మీటరు సొంత పేరున లేకపోతే పని ముందుకు సాగదు.

ఒక్క సంగతి మరువరాదు. బ్యాటరీ లేని సౌర పలకలు లైనులో కరెంటు పోతే తామూ ఆగిపోతాయి. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణ రక్షణకే ఈ ఏర్పాటు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వేళ జిల్లా చీకట్లో మగ్గిన రోజులు ఎవరూ మరువలేదు. అలాంటప్పుడు కూడా వెలుగు కావాలనుకునేవారు బ్యాటరీ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోవాలి.

ఇన్నిటిలో ఖర్చు లేనిది, అందరూ చేయగలిగినది ఒకటుంది. తాళం చెవులు చేతికి వచ్చిన రోజునే మీటరు మీది అంకెలు, తేదీ కాగితం మీద రాసుకుని, ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఇద్దరూ సంతకాలు చేయాలి. సెల్‌ఫోను ఉంటే ఫొటో కూడా తీసుకోవాలి. బిల్లులో తేడా వస్తే 1912కు ఫోను చేసినా, ఆఫీసుకు వెళ్లినా ఆ కాగితమే సాక్ష్యం.